స్టీరింగ్, బటన్ల పెట్టె, వేలి తొడుగులు: ఏది ఆటకి పనికొస్తుంది, ఏది అడ్డం పడుతుంది

గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇంట్లో పీసీ ఉంది, మామూలు ఎక్స్‌బాక్స్ ప్యాడ్ ఉంది. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, ఫోర్జా హొరైజన్ 5, స్ట్రీట్ ఫైటర్ 6 ఆడతారు, ఫోన్లో బీజీఎంఐ అనే షూటింగ్ ఆట. చేతిలో పదిహేను వేలున్నాయి. స్టీరింగ్ కొనాలా, లీవర్ లేని బటన్ల పెట్టె కొనాలా? అసలు ఇలాంటి వింత కంట్రోలర్లతో ఆట మెరుగవుతుందా, లేక అంతా షోకేనా? తమ్ముడికి ఎడమచేతి వేళ్లు సరిగా వంగవు, అతనూ ఆడాలంటే దారేమిటి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పదిహేను వేలకి కొత్తగా వచ్చే స్టీరింగ్ కొనకండి. బటన్ల పెట్టె కొనే బదులు కట్టుకోండి, మామూలు బటన్లతో మూడు వేల లోపు తేలిపోతుంది. ఫోన్‌కి వేలి తొడుగులు చాలు. తమ్ముడి సంగతి చివర్లో రాస్తాను, అక్కడా ఇదే పెట్టె అక్కరకొస్తుంది.

కంట్రోలర్ మంచిచెడ్డలు దాని ఆకారంలో ఉండవు, గేమ్ దాన్నుంచి ఏం చదువుకుంటుందన్న దాంట్లో ఉంటాయి. విండోస్‌లో చాలా గేమ్‌లు ప్యాడ్‌ని ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో చదువుతాయి. అందులో ఉండేవి రెండు స్టిక్‌లు, 0 నుంచి 255 దాకా మెట్లున్న రెండు ట్రిగ్గర్లు, ఒక డీ-ప్యాడ్ (నాలుగు దిశల మీట), పది బటన్లు. అంతే. మీరు చేతికి తొడుక్కునేది తెచ్చినా, కాళ్లతో తొక్కేది తెచ్చినా, గేమ్ దాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టకపోతే అది ఈ గూళ్లలోనే ఎక్కడో ఇరుక్కోవాలి.

1989లో నింటెండో ఎన్ఈఎస్ కోసం వచ్చిన పవర్ గ్లవ్ కథ ఇదే. టీవీ అంచున ఎల్ ఆకారంలో సెన్సర్లు బిగించాలి, అల్ట్రాసౌండ్‌తో చేతి స్థానం కొలిచేది. చూడ్డానికి అద్భుతం. కానీ దానికోసమే తయారైన గేమ్‌లు రెండే రెండు. మిగతా వాటికి మణికట్టు మీది కీప్యాడ్‌లో నంబర్ కొట్టి, చేతి ఊపుని ఎడమ, కుడి, పైన, కింద నొక్కుళ్లుగా మార్చుకోవాలి. బొటనవేలు రెండు మిల్లీమీటర్లు కదిపితే అయ్యే పనికి భుజం దాకా ఊపాలన్నమాట. దీనికి సరిగ్గా ఎదురు కొసన 2002లో స్ట్రీట్ ఫైటర్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన స్టీల్ బెటాలియన్ ఉంది: పెద్ద యుద్ధయంత్రాన్ని నడిపే ఆట, దానికోసమే చేసిన కంట్రోల్ బల్ల. దాదాపు 40 బటన్లు, రెండు లీవర్లు, మూడు పెడల్స్. యంత్రం పేలిపోయేలోగా ఎజెక్ట్ బటన్ నొక్కకపోతే పైలట్ చనిపోతాడు, సేవ్ కూడా చెరిగిపోతుంది. ఆ బల్ల లేకుండా ఆ ఆటే లేదు, ఆ ఆట లేకుండా ఆ బల్లకి వేరే పని లేదు. మీరు కొనబోయేది ఏదైనా ఈ రెంటి మధ్య ఎక్కడుందో చూసుకోండి.

రెండో లెక్క ఆలస్యం. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ పరికరాన్ని కంప్యూటరు సెకనుకు 125 సార్లు పలకరిస్తే మీ నొక్కుడు 8 మిల్లీసెకన్ల దాకా వాకిట్లో నిలబడొచ్చు. 1000 సార్లయితే ఒక్క మిల్లీసెకనే. ట్రక్ నడిపేవాడికి ఇది పట్టదు, ఫైటింగ్ గేమ్ వాడికి సగం ఫ్రేము. అలాగని కంట్రోలర్ మీద వేలకి వేలు పోసి, టీవీని గేమ్ మోడ్‌లో పెట్టకుండా వదిలేసేవాళ్లున్నారు. చాలా టీవీలు బొమ్మని మెరుగుపెట్టే హడావుడిలో పదుల మిల్లీసెకన్లు తినేస్తాయి. ముందు అది సరిచేయండి, ఖర్చు సున్నా.

ఇక స్టీరింగ్. ఆరేడు వేల నుంచి పన్నెండు వేల మధ్య అమ్మే వాటిలో చాలావాటి లోపల తిప్పే మోటారు ఉండదు, రబ్బరు తాడో స్ప్రింగో ఉంటుంది. గుద్దుకున్నప్పుడు వణికించడానికి ఫోన్ వైబ్రేషన్ లాంటిది ఒకటి పెడతారు. అట్టపెట్టె మీద 'వైబ్రేషన్ ఫీడ్‌బ్యాక్' అని ఉంటే ఇదే సరుకు. మీకు కావాల్సింది 'ఫోర్స్ ఫీడ్‌బ్యాక్'. తేడా చేతికే తెలుస్తుంది. నిజం కారులో మలుపు తిరుగుతూ ముందు చక్రాలు పట్టు కోల్పోయాయనుకోండి, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ తేలికదనమే 'జారుతున్నాం, ఇంక తిప్పకు' అనే కబురు. స్ప్రింగ్ స్టీరింగ్ ఏం చేస్తుంది? కారు జారుతున్నా, నిలబడ్డా, మీరెంత తిప్పితే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. అంటే చేతికి అందేది తప్పుడు కబురు. దానికంటే ప్యాడే వెయ్యి రెట్లు నయం, కనీసం అది అబద్ధం చెప్పదు.

లాజిటెక్ జీ29 లాంటివి గేర్లతో మోటారు నడిపే రకం: 900 డిగ్రీల తిరుగుడు, మూడు పెడల్స్. కొత్తది మీ బడ్జెట్‌లో రాదు. విజయవాడలోనో గుంటూరులోనో వాడినది దొరికితే ఎదురుగా కూర్చుని ఇలా చూడండి. కరెంటు, యూఎస్‌బీ పెట్టగానే స్టీరింగ్ తనంతట తాను ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి మధ్యకి రావాలి. మధ్యలో ఎక్కడైనా టక్కుమని తట్టుకుంటే గేరు పన్ను అరిగినట్టు, ఆ బేరం వదిలేయండి. తర్వాత విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పేజీ తెరిచి ప్రాపర్టీస్‌లో ఒక్కో పెడల్ని ఐదు సెకన్ల పాటు నిదానంగా నొక్కండి. గీత నూనె పోసినట్టు కదలాలి. మధ్యలో ఎగిరెగిరి పడితే పెడల్ ఎంత దిగిందో కొలిచే లోపలి పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరినట్టు. అది పెద్ద జబ్బేమీ కాదు. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ రెండు పిచికారీలు కొట్టి, పెడల్ని పాతిక సార్లు తొక్కి, అరగంట ఆరనిస్తే చాలావరకు పోతుంది. తుప్పుకి కొట్టే మామూలు స్ప్రే మాత్రం వాడకండి, జిడ్డు మిగిలి ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. ఈ లోపం చూపించి బేరం మాత్రం తగ్గించుకోండి.

స్టీరింగ్ వచ్చాక ఆట చెడిందని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీల దగ్గర తప్పు చేసుంటారు. ఫార్ములా కారు ఆడుతూ 900 డిగ్రీలు ఉంచితే మలుపు దగ్గర చేతులు పెనవేసుకుంటాయి. అక్కడ 360 చాలు. లారీకి 900 ఉంచండి, నిజం లారీ అయితే ఇంకా ఎక్కువే తిరుగుతుంది. డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె, గేమ్‌లో ఇంకో అంకె ఉంటే తెర మీది స్టీరింగ్, చేతిలోది వేర్వేరు కోణాల్లో తిరుగుతాయి. రెండూ ఒకటే ఉంచి, చేతిలోది 90 డిగ్రీలు తిప్పి, తెర మీదా 90 తిరిగిందో లేదో కళ్లతో చూసుకోండి. ఫోర్స్ వంద శాతం పెట్టడం ఇంకో పొరపాటు. మోటారు అప్పటికే తన గరిష్ఠ బలం దగ్గరుంటే, ఆపైన రోడ్డు మీద ఏం జరిగినా చేతికి ఒకేలా ఉంటుంది. గతుకూ, గట్టి మలుపూ ఒకటే అవుతాయి. 60 దగ్గర మొదలుపెట్టి, పెద్ద మలుపులో కూడా చిన్న గతుకు విడిగా తెలిసేదాకా పెంచుకుంటూ పోండి.

మీ రెండు డ్రైవింగ్ గేమ్‌లలో యూరో ట్రక్‌కి స్టీరింగ్ నిజంగా ఉపకారం చేస్తుంది. వెనక ట్రాలీతో రివర్సులో పెట్టేటప్పుడు స్టీరింగ్‌ని పావు వంతు తిప్పి అలాగే పట్టుకోవాలి. ప్యాడ్ స్టిక్ వదిలితే మధ్యకి వచ్చేస్తుంది, పావు వంతు దగ్గర బొటనవేలిని అర నిమిషం నిలబెట్టడం నరకం. ఫోర్జా హొరైజన్ సంగతి వేరు. అది ప్యాడ్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆట. స్టిక్‌ని మీరు ఠక్కున పక్కకి నెట్టినా, వేగాన్ని బట్టి చక్రాలు ఎంత తిరగాలో గేమే సర్దుతుంది. స్టీరింగ్ పెట్టగానే ఆ సాయం తగ్గి, మొదటి వారాల్లో మీరు ఖచ్చితంగా నెమ్మదిస్తారు. చాలామందికి ఆ గేమ్‌లో స్టీరింగ్‌తో సరదా పెరుగుతుంది, ల్యాపుకి పట్టే టైమూ పెరుగుతుంది, ర్యాంకు తగ్గుతుంది.

బ్రేకు గురించి ఒక మాట. మన కాలు దూరం కంటే బరువుని బాగా గుర్తుపెట్టుకుంటుంది. మామూలు పెడల్ ఎంత దూరం వెళ్లిందో కొలుస్తుంది, లోడ్ సెల్ ఉన్న పెడల్ ఎంత బరువు పడిందో కొలుస్తుంది. ల్యాప్ ల్యాప్‌కీ ఒకే చోట ఆగాలంటే రెండోదే మేలు. డబ్బు పెట్టాల్సి వస్తే ఖరీదైన స్టీరింగ్ కంటే ముందు బ్రేకు మీద పెట్టండి. ఇంకో చిక్కు కుర్చీ. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది, పెడల్ పలక టైల్స్ మీద ముందుకి జారుతుంది. పెడల్స్‌ని గోడకి ఆనించి మధ్యలో చెక్క దిమ్మ పెట్టండి, కుర్చీని నాడాతో పెడల్ పలకకే కట్టండి. అప్పుడు మీ కాలి బలం మీ కుర్చీనే పట్టుకుంటుంది. స్థలం ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షెడ్డులోనైనా ఒకటిన్నర అంగుళం చదరపు పైపుతో చట్రం చేసిస్తారు. జీ29 అడుగున బిగించే బోల్టులు ఎం6 సైజువి. స్టీరింగ్‌ని తీసుకెళ్లి రంధ్రాలు దాని మీదే గుర్తు పెట్టించండి, కాగితం మీద కొలత రాసిస్తే మూడు మిల్లీమీటర్లు తేడా రావడం ఖాయం.

ఇప్పుడు బటన్ల పెట్టె. ఫైటింగ్ గేమ్‌లకి పాతకాలపు ఆర్కేడ్ లీవర్ ఉంటుంది: కర్ర అడుగున నాలుగు మైక్రోస్విచ్‌లు, కర్ర ఎటు ఒరిగితే అటు స్విచ్ నొక్కుకుంటుంది. లీవర్ లేని పెట్టెలో ఆ నాలుగు దిశలకీ నాలుగు బటన్లే. ఎడమచేతి మూడు వేళ్ల కింద ఎడమ, కింద, కుడి. పైకి ఎగరడం బొటనవేలి కింద. కర్ర ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణించాలి, వేలు అప్పటికే బటన్ మీద కూర్చునుంటుంది. లాభమంతా అక్కడుంది.

దగ్గరగా చూడాలంటే స్ట్రీట్ ఫైటర్‌లో రియూ పైకెగిరి కొట్టే గుద్దు, షోర్యూకెన్, తీసుకోండి. ముందుకి, కిందకి, కిందా-ముందుకీ కలిపి, ఆపైన పంచ్. ప్యాడ్ మీద బొటనవేలు తొందరలో మధ్య దిశని మింగేస్తుంది. బటన్ల పెట్టెలో 'కింద' నొక్కి పట్టుకుని 'ముందుకి' రెండుసార్లు తట్టండి. గేమ్‌కి కనిపించేది కిందా-ముందుకీ, కింద, మళ్లీ కిందా-ముందుకీ. స్ట్రీట్ ఫైటర్ 6 దీన్ని షోర్యూకెన్‌గానే ఒప్పుకుంటుంది. వేలు జారడానికి చోటే లేదు. అదే జాంగీఫ్ అనే పాత్రతో, దిశల్ని గిరగిరా తిప్పితే పడే దెబ్బకి వచ్చేసరికి కర్ర పట్టినవాడే హాయిగా ఉంటాడు. పెట్టె మీద కూడా వస్తుంది కానీ నాలుగు వేళ్లనీ హార్మోనియం మెట్ల మీద నడిపినట్టు నడపాలి.

సరుకులు ఇవి. ఆర్‌పీ2040 చిప్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఒకటి. 24 మిల్లీమీటర్ల బటన్లు పదకొండు, ఎగరడానికి 30 మిల్లీమీటర్లది ఒకటి. స్టార్ట్‌కి చిన్న బటన్ ఒకటి. 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటు, సుమారు 30 సెంటీమీటర్లు బై 20. దాని కింద చెక్కతో గానీ ఎండీఎఫ్‌తో గానీ పెట్టె. సన్నటి తీగ పది మీటర్లు, బటన్ కాళ్లకి తొడిగే టెర్మినళ్లు. సన్వా లాంటి జపాన్ బటన్లకి 2.8 మిల్లీమీటర్ల టెర్మినళ్లు సరిపోతాయి. పొడవాటి మైక్రోస్విచ్ బటన్లకి ఎక్కువగా 4.8 కావాలి. బటన్ చేతికొచ్చి కాలు కొలిచాకే టెర్మినళ్లు కొనండి, పెట్టె లోతు కూడా అప్పుడే ఖాయం చేయండి. పొడవాటి రకం లోపలికి చాలా దిగుతుంది. నొక్కి బిగించే బటన్లకి 3 మిల్లీమీటర్ల షీటు బాగుంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాలనుకుంటే మరతో బిగించే రకమే తెచ్చుకోవాలి. ఆన్‌లైన్‌లో 'జీరో డిలే' అని అమ్మే చవక బోర్డు జోలికి పోకండి, సున్నా ఉన్నది దాని పేరులోనే.

రంధ్రాలు చేత్తో వేస్తే ఆక్రిలిక్ చీలుతుంది. ఫ్లెక్సీలు, సైన్‌బోర్డులు చేసే చోట లేజర్ కటింగ్ ఉంటుంది, కోరెల్‌డ్రా ఫైల్ ఇస్తే చాలు. 24 మిల్లీమీటర్ల బటన్ల కేంద్రాల మధ్య 30 మిల్లీమీటర్లు వదలండి. ముందు అట్టముక్క మీద ప్రింటు తీసి, చెయ్యి పెట్టి, వేళ్లు సహజంగా ఎక్కడ వాలుతున్నాయో చూసి గీతలు మార్చుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే కొలతలు వేరేవాళ్ల చేతులవి. షీటంతా కోయించే ముందు ఒక్క రంధ్రం కోయించి బటన్ దూర్చి చూడండి.

వైరింగ్ తేలికే. ప్రతి బటన్‌కీ రెండు కాళ్లు. ఒకటి పికోలో దాని సొంత పిన్‌కి, రెండోది గ్రౌండ్‌కి. గ్రౌండ్‌ని మల్లెపూల దండలా ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి గుచ్చుకుంటూ పోండి. ఐదో బటన్ దగ్గర నుంచి చివరిదాకా ఒక్కటీ పనిచేయకపోతే, నాలుగుకీ ఐదుకీ మధ్య దండ తెగిందని అర్థం; బోర్డుని అనుమానించకండి. ఒకే ఒక్క బటన్ చచ్చిపడితే దాని పిన్ తీగ చూడండి. బోర్డుని కంట్రోలర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) కావాలి, జీపీ2040-సీఈ అనే ఉచితమైనది వాడండి. పికో మీద బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, అందులోకి యూఎఫ్2 ఫైల్ లాగి వదలండి. పెన్‌డ్రైవ్ కనిపించలేదా? నూటికి తొంభై సార్లు ఆ కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, డేటా తీగలు లేవు. ముందే పెట్టిన అమరికలో బోర్డు మీద జీపీ2 నుంచి జీపీ5 దాకా రాసున్న పిన్‌లు దిశలకి, జీపీ6 నుంచి జీపీ13 దాకా కొట్టే బటన్లకి. మార్చుకోవాలంటే స్టార్ట్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెట్టి, బ్రౌజర్‌లో 192.168.7.1 తెరవండి. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోందంటే స్విచ్ లోపలి రేకు ఎగురుతోంది, అదే పేజీలో డీబౌన్స్ 5 మిల్లీసెకన్ల దగ్గర ఉంచండి. పీసీకి ఇది చాలు. పీఎస్4కి పెడితే లైసెన్సు లేనిదని 8 నిమిషాలకోసారి తెగిపోతుంది. అది బోర్డు లోపం కాదు.

ఇక్కడే ఒక న్యాయం సంగతి ఉంది. కర్ర ఒకేసారి ఎడమకీ కుడికీ ఒరగలేదు, బటన్లయితే రెండూ నొక్కొచ్చు. అప్పుడు ఏం జరగాలి? చివరిగా నొక్కినదే చెల్లుతుందని పెడితే, 'వెనక్కి' కాసేపు పట్టుకుని (చార్జి చేసి) 'ముందుకి' నొక్కితే దెబ్బ పడే గైల్ లాంటి పాత్రకి 'వెనక్కి' పట్టుకునే ఉండి 'ముందుకి' తట్టొచ్చు, చార్జి కాస్త కూడా వృథా కాదు. కర్రవాడికి లేని వెసులుబాటు ఇది. 2019లో జపాన్ ప్రొఫెషనల్ ఆటగాడు డైగో ఉమెహారా వాడబోయిన బటన్ల పెట్టెని క్యాప్‌కామ్ ఒప్పుకోలేదు. 2023లో తన టోర్నమెంట్లకి ఎదురెదురు దిశలు కలిస్తే ఏదీ నొక్కనట్టే లెక్క అని నియమం పెట్టింది. మీ ఫర్మ్‌వేర్‌లో కూడా 'న్యూట్రల్' ఎంచుకుని అదే అలవాటు చేసుకోండి, రేపు ఎక్కడైనా పోటీకి వెళ్తే వేళ్లు మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. కీబోర్డులకీ ఇదే గొడవ వచ్చింది: 2024 వేసవిలో ఎదురెదురు కీలలో చివరిగా నొక్కినదే చెల్లించే స్నాప్ ట్యాప్ లాంటి సదుపాయాలు వచ్చాయి, ఆగస్టులో వాల్వ్ కంపెనీ తన షూటింగ్ ఆట కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో వాటిని నిషేధించింది. చేతి నైపుణ్యంతో చేయాల్సిన పనిని పరికరమే చేసిపెడితే ఏదో ఒక రోజు నిషేధం పడుతుంది, డబ్బులు పెట్టేముందు అది కూడా లెక్కేసుకోండి.

పెట్టె వచ్చాక నిజంగా మెరుగయ్యారా అనేది మనసుని అడిగితే చెప్పదు, కొత్త వస్తువు మీద దానికి మోజెక్కువ. స్ట్రీట్ ఫైటర్ ట్రెయినింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ హిస్టరీ పెట్టి ఎడమ వైపు 50, కుడి వైపు 50 షోర్యూకెన్‌లు వేయండి. ఎన్ని పడ్డాయో, పడని చోట ఏ దిశ తప్పిపోయిందో తెర పక్కనే ఫ్రేములతో సహా కనిపిస్తుంది. ప్యాడ్‌తో ఒక రోజు రాసుకోండి, పెట్టెతో మొదటి రోజు, పదో రోజు, ముప్పయ్యో రోజు రాసుకోండి. మొదటి వారం అంకెలు దారుణంగా ఉంటాయి, అప్పుడే అమ్మేయకండి. నెల తర్వాత కూడా ప్యాడ్ అంకెని దాటకపోతే మీ చేతికి ప్యాడే నప్పింది, అంతే. రేసింగ్ అయితే ఒకే కారు, ఒకే ట్రాక్, ఇరవై ల్యాపులు. అన్నిటికంటే మంచి ల్యాపు చూసుకుని మురిసిపోవద్దు. వరసలో మధ్యన పడే ల్యాపు, మంచికీ చెడ్డకీ మధ్య ఎడం, ఈ రెండే చూడండి. స్టీరింగ్ చేసే మేలు చాలాసార్లు ఆ ఎడం తగ్గడంలోనే బయటపడుతుంది.

మిగతా వింతలు రెండు ముక్కల్లో. డ్యాన్స్ మ్యాట్ ఆ రకం పాటల ఆటలకి తప్పనిసరి, ఇంక దేనికీ పనికిరాదు. చవక మ్యాట్‌లో ఎడమ, కుడి బాణాలు కలిపి తొక్కితే రెండూ పడకపోవడం మామూలు లోపం. లోపలి బోర్డు వాటిని ఒకే ఇరుసు రెండు కొసలుగా పంపుతుంది, రెండూ కలిస్తే సున్నా. బాణాల్ని విడి బటన్లుగా పంపేదే కొనండి, మన టైల్స్ నేల మీద కింద రబ్బరు షీటు వేయకపోతే పాటకి ముందే మీరు జారతారు. పాత లైట్ గన్ ఎల్‌ఈడీ టీవీకి పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర నల్లబడి గురి చోటు తెల్లగా మెరవడం మీద ఆధారపడి, సీఆర్‌టీ వేగానికి చేసిన లెక్క అది. ఇప్పటివి తెర చుట్టూ తెల్ల అంచుని కెమెరాతో చూసో, ఇన్‌ఫ్రారెడ్ దీపాలతోనో పనిచేస్తాయి. నింటెండో వీ రిమోట్ కూడా ఇన్‌ఫ్రారెడ్ చుక్కల్నే చూస్తుంది, రెండు కొవ్వొత్తులు వెలిగించినా సెన్సర్ బారే అనుకుంటుంది. టీవీ పక్కనే దీపారాధన ఉంటే పాయింటర్ వెర్రెత్తడానికి కారణం అదే. గిటార్ కంట్రోలర్ వస్తువుగా మంచిదే, కాకపోతే శబ్దం, బొమ్మ ఆలస్యాల కాలిబ్రేషన్ చేయకుండా తాళం తప్పుతున్నామని బాధపడకండి.

ఫోన్‌కి వస్తే, అంచున తగిలించే ట్రిగ్గర్లు తెరని వేలిలా తాకే లోహపు పాదాలు మాత్రమే. ఫైర్, స్కోప్ బటన్లని వాటి కిందకి జరపాలి, తెర మూలలు మూసుకుపోతాయి, మందపాటి టెంపర్డ్ గ్లాస్ ఉంటే కొన్ని నొక్కుళ్లు పడవు. పోటీల్లో ఒప్పుకుంటారో లేదో నియమాలు చదివాకే అలవాటు చేసుకోండి. వేలి తొడుగులు మాత్రం మన ఊళ్లకి చేసినట్టే ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి బెజవాడలో బొటనవేలు తెర మీద జారదు, అతుక్కుంటుంది. చెమట కరెంటుని పోనిస్తుంది కాబట్టి తెర లేనిపోని తాకుళ్లు కూడా చదువుతుంది. వెండి పూత దారం కలిసిన సన్నటి అల్లిక చూసి కొనండి. వేలి కొసన ముడత పడకుండా బిగువుగా ఉండాలి, కుట్టు తెర వైపు రాకూడదు. సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. వదులైతే పారేయండి, రెండు జతలు దగ్గర పెట్టుకోండి.

తమ్ముడి విషయం. పైన రాసినవన్నీ ఉంటే బాగు, లేకపోతే నష్టం లేదు అనేవి. ఇక్కడ మాత్రం వింత కంట్రోలరే అసలు కంట్రోలర్. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనక 19 చిన్న 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు ఉంటాయి, ఒక్కో జాక్‌కి ఒక్కో బటన్ ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. అది మీ బడ్జెట్ దాటితే ఇదే పికోతో రెండో పెట్టె కట్టండి. బటన్ల బదులు పెట్టె అంచున 3.5 మిల్లీమీటర్ల మోనో సాకెట్లు బిగించి, వాటి రెండు కాళ్లనీ పిన్‌కీ గ్రౌండ్‌కీ కలపండి. 60 మిల్లీమీటర్ల గోపురం బటన్లకి మోనో కేబుల్ అతికిస్తే చాలు. వేళ్లు వంగకపోయినా అరచేయి, మోచేయి, మోకాలు నొక్కగలవు. దిశలు మూడు ఎడమ అరచేతి కింద, ఎగరడం మోకాలి పక్కన, దెబ్బలు కుడిచేతికి. గట్టి స్ప్రింగ్ ఉన్న ఆర్కేడ్ బటన్ గంటసేపు నొక్కితే చెయ్యి లాగేస్తుంది, అందుకే మైక్రోస్విచ్ తక్కువ గ్రాముల బలానికి నొక్కుకునేది ఏరుకోండి. స్ట్రీట్ ఫైటర్ 6లో 'మోడర్న్' కంట్రోల్స్ పెడితే స్పెషల్ దెబ్బలు ఒక బటన్, ఒక దిశతో వస్తాయి, ఆన్‌లైన్‌లో కూడా అది చెల్లుతుంది. వేరే గేమ్‌లలో నొక్కి పట్టుకోవాల్సిన వాటిని సెట్టింగ్స్‌లో ఒక్కసారి నొక్కితే చాలు అన్నట్టు మార్చండి. ఎక్స్‌బాక్స్‌లో రెండు కంట్రోలర్లని ఒకే ఆటగాడిగా కలిపే సదుపాయం ఉంది, ఒకటి అతను పట్టుకుంటే ఇంకోటి మీరు పట్టుకుని కొన్ని బటన్లు పంచుకోవచ్చు.

బటన్లని బల్లకి మొదటి రెండు వారాలు మరలతో బిగించకండి, వెల్క్రో పట్టీతో అంటించండి. అతను అలసిపోయాక చెయ్యి ఎటు జరుగుతోందో చూసి బటన్ని అటు జరపండి. చాలా మందికి ఆడటం మొదలుపెట్టినప్పటి చోటు వేరు, అరగంట తర్వాత సుఖంగా ఉండే చోటు వేరు. రెండోదాన్ని సుద్దతో గీసుకుని, అక్కడ బిగించండి.